ఒంటికంటి వడ్డన

అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సరిగ్గా గుర్తులేదు. పెళ్ళయి రాజాం దగ్గరి పల్లెలో అత్తారింటికి వచ్చిన తొలి ఏడాది. నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యాను. విజయనగరంలో టీచర్ ట్రైనింగులో చేరాలని దరఖాస్తు తెప్పించుకుంటే, మావగారు దాన్ని మడిచి చూరులో దోపేశారు.

"పెళ్ళయిపోనాక సదువేటి? ఇంట్లో పన్లేదేటి?" అన్నారు.

ఆయన ఊ అనందే మా ఆయన సంతకం పెట్టడు. కాగితం పంపడానికి ఇరవై రోజులే గడువు. అన్నం తింటున్నా, నిద్రపోతున్నా నా ధ్యాసంతా ఆ చూరు మీదే. చూరుకేసి చూసి పళ్ళు కొరుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఆ రోజుల్లోనే కల్లంలో ధాన్యం తూర్పారబడుతుంటే వడ్లగింజ ముల్లొకటి ఎగిరొచ్చి నా కుడికంట్లో గుచ్చుకుంది. బొబ్బిలిలో డాక్టరు మందు వేసి, కన్ను మూసి కట్టు కట్టి, పది రోజులు విప్పొద్దన్నాడు. ఒక కన్ను మిగిలింది కదా, దానికేం అనుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది సంగతి. అన్నీ కనిపిస్తున్నాయి గానీ, ఏది ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. లేని గడపకు కాలెత్తుతున్నాను, ఉన్న గడపకు తన్నుకుంటున్నాను.

అసలు తంటా వడ్డన దగ్గర వచ్చింది. తినేవాళ్ళ విస్తరికి గరిటె తగిలిందంటే గిన్నెలోదంతా ఎంగిలైపోయినట్టే. జానెడు ఎత్తు నుంచి, తగలకుండా, సరిగ్గా అన్నం మీద పడేలా పోయాలి. మొదటి రోజే వేడి పులుసు తీసుకెళ్ళి మావగారి ముంజేతి మీద పోశాను.

"ఓలమ్మో! కోడలు సదువుకున్నాది గానీ వొడ్డించడం నేర్సుకోలేదు!" అని ఆయన గావుకేక పెట్టారు. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ ఆ రోజు దొడ్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు నూతి దగ్గర చేదతాడు పట్టుకోబోతే గాలి చేతికొచ్చింది. ఒళ్ళు మండి తల అటూ ఇటూ విదిలించాను. విదిలిస్తే తాడు చకచకా పక్కకు జరిగింది, దాని వెనక నూతి అవతలి గట్టు మాత్రం పెద్దగా కదల్లేదు. మళ్ళీ ఊపి చూశాను. మళ్ళీ అంతే. దగ్గరిది ఎక్కువ కదులుతోంది, దూరానిది తక్కువ. చెయ్యి చాపితే ఈసారి తాడు దొరికింది. దాని వెనకున్న కారణం తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. రెండు కళ్ళూ ఒకే వస్తువును కాస్త వేరు వేరు చోట్ల నుంచి చూస్తాయి, ఆ తేడాను బట్టి దూరం తెలుస్తుంది. ఒక్క కన్నే ఉన్నప్పుడు తల కదిపి ఆ రెండు చోట్లకూ దాన్నే తిప్పాలి. ఆ రోజు నాకివేం తెలియవు. ఊగితే తాడు దొరుకుతోంది, అది చాలనుకున్నాను.

ఆ వారంలోనే కొత్త బియ్యం వండి చుట్టాలకు భోజనాలు పెట్టారు. కొత్త కోడలు నెయ్యి వేయడం మర్యాదట. ఈసారి ఒలికిందంటే ఊరంతా చెప్పుకుంటారని భయం. అందుకే మొదటి విస్తరి ముందు వంగి, పెదాలు బిగబట్టి, తల అటూ ఇటూ బాగా ఊపాను. నెయ్యి సరిగ్గా అన్నం నడిమధ్యన పడింది. రెండోది కూడా. హుషారొచ్చి మూడో విస్తరి దగ్గర ఇంకా జోరుగా ఊగాను. అది మావగారి అక్కది. కంటికి కట్టు, జారిన జుట్టుముడి, బిగిసిన మొహం చూసి ఆవిడ ముద్ద వదిలేసి లేచిపోయింది.

"అమ్మోరే! కోడలి మీదకి అమ్మోరొచ్చినాది!"

బంతిలో వాళ్ళంతా ఎంగిలి చేతులతోనే లేచారు. మావగారు ఆ చేతులే జోడించారు.

"తల్లీ, ఏటి తప్పు సేసినాం? ఏటి కావాలో సెప్పు!"

కాదు మావా, దూరం తెలియక ఊగుతున్నానని చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టాక నాకేం కావాలని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. నోరు ఊరుకోలేదు.

"సూరులో దరకాస్తు తియ్యి! ఈ కోడలు గుంటని ట్రైనింగుకి పంపు!" అని అరిచాను.

అబద్ధమాడాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. సాయంత్రానికల్లా కాగితం మీద మా ఆయన సంతకం పడింది.

పొద్దుగూకే వేళ దొడ్లో గిన్నెలు తోముతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. బూడిద పీచు చేతిలోకి తీసుకుని నెమ్మదిగా అడిగింది.

"ఏటే, అమ్మోరికి దరకాస్తు సంగతి కూడా తెలుసేటి?"

ఎవరైనా విన్నారేమోనని గబుక్కున ఇంటివైపు చూశాను. ఆవిడ గిన్నె తోముతూనే ఉంది.

"బయపడకు, నానెవలికీ సెప్పను. నా ఎడం కంటికి పొర కమ్మి మూడేళ్ళయినాది. నానూ తల ఊపే వొడ్డిస్తన్నాను."

"మరి మీ మీదకి అమ్మోరొచ్చిందని ఎవరూ అనలేదేటి అత్తా?"

"నాను సిన్నగా ఊపుతాను. అందుకే నాకేటి కావాలని ఎవలూ అడగనేదు," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మూడేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళలో ఒక్కరూ చూడలేదు. నేనూ చూడలేదు.

కట్టు విప్పడానికి ఇంకా రెండు రోజులున్నాయి. మర్నాడు మధ్యాహ్నం మావగారి విస్తరి ముందు నేతిగిన్నె పట్టుకుని, ఇల్లదిరేలా ఇంకోసారి ఊగాను. ఈసారి అత్త కంటికి ఆపరేషను చేయించమన్నాను.