పొట్టేలు పుర్రె, మందార మొగ్గ

మొన్న రాచర్లలో చుట్టాలింటికి పోయి ఆటోలో తిరిగొస్తుంటే, ఒక కంది చేలో కర్రకు తగిలించిన పొట్టేలు పుర్రె కనిపించింది. పైరుకు దిష్టి తగలకుండా ఎవరో పెట్టుకున్నది. పక్కనున్నామె ముఖం తిప్పుకుంది. నాకేమో కళ్లు చెమ్మగిల్లాయి. పొట్టేలు పుర్రెను చూసి ఏడ్చే వ్యాపారి ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అయి ఉంటాను.

మా అక్క పొదిలిలో డ్రాయింగు టీచరుగా చేసింది. ఆస్పత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, మార్కాపురంలో మా ఇంటికే తెచ్చుకున్నాం. చేయి ఆడుతుండగానే ఒక్క బొమ్మ వేయాలంది: పుర్రె, దాంతో పాటు పువ్వు. "ఇంట్లోకి పుర్రె ఏంది వదినా, నలుగురూ ఏమనుకుంటారు!" అని మా ఆవిడ తల పట్టుకుంది. "నేను పోతే ఎట్లాగూ ఏదో ఒకటి అనుకుంటారు గదమ్మా, ఇప్పట్నుంచే అలవాటు కానీ" అంది అక్క.

దుకాణదారుల ఇంట పుట్టినవాణ్ణి, పుర్రెనైనా బేరమాడకుండా కొంటానా? జీవాలు కాసే ఒక పెద్దాయన దగ్గరికి పోయి, కొమ్ము విరిగిందనీ, పళ్లు లేవనీ వంకలు పెట్టాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సచ్చినదానికి పళ్లెందుకు శెట్టీ? నేనేమన్నా అమ్ముతానంటినా? ఊరికే తీస్కపో" అన్నాడు. బేరంలో నేను అంత ఘోరంగా ఎన్నడూ ఓడలేదు.

బల్ల మీద పుర్రె, దాని కంటిగుంటలో మా పెరటి మందార మొగ్గ. పుర్రె ఎన్నాళ్లైనా బుద్ధిగా కూర్చునేది. మొగ్గే ఆగేది కాదు. అక్క గీత గీసి, అలిసి పడుకుని లేచేసరికి విచ్చుకునేది. చెరిపి, ఇంకో మొగ్గతో మళ్లీ మొదలు. చూడలేక, "మన దుకాణంలో ప్లాస్టిక్ పూలున్నాయి గదక్కా, వాడిపోవు, తెచ్చేదా?" అన్నాను. అంత నీరసంలోనూ పకపకా నవ్వింది. "వాడిపోని పూలకు పుర్రెతో ఏం పనిరా!"

ఆ తర్వాత తెల్లారకముందే మొగ్గలు కోసి, తడిగుడ్డ చుట్టి, విచ్చుకోకుండా చేతనైన తంటాలన్నీ పడ్డాను. 'ఇంకొంచెంసేపు ఉండవే తల్లీ' అని బతిమాలుకున్నాను. ఆ మాట మొగ్గతోనే అన్నానో, కుంచె పట్టుకుని ఒగరుస్తున్న మనిషితో అన్నానో ఇప్పటికీ తెలియదు. కొమ్ముల మెలికలు, ఎముక మీది పగుళ్లు, అన్నీ కుదిరి పుర్రె పూర్తయింది. మొగ్గ మాత్రం పెన్సిలు గీతగానే మిగిలింది. ఒక పొద్దున, ఆమె తల దగ్గర గ్లాసులో పెట్టిన మందారం విచ్చుకుంది. అక్క లేవలేదు.

పటం కట్టినతను ఆ కాస్త రంగూ తానే వేస్తానన్నాడు. వద్దన్నాను. మా గోడ మీద ఆ మొగ్గ ఇంకా విచ్చుకోకుండానే ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ మేమే ముసలివాళ్లమైపోతున్నాం.