దారం కట్టిన టమాటా

మంచి విత్తనం కావాలంటే బలమైన మొక్క మీద మంచి కాయ ఎంచుకుని, చెట్టునే బాగా పండనివ్వాలని రేడియోలో చెప్పారు. భవానీపురంలో మా పెరట్లో ఉన్నవి ఆరు టమాటా మొక్కలు. అన్నిట్లోకీ మంచి కాయ చూసి, ఎవరూ కోయకుండా తొడిమకి ఎర్రదారం కట్టాను. మూడు వారాలు కాపలా కాశాను.

ఈ ఉదయం చర్చిలో చూస్తే, తొలి పంట దేవుడికిచ్చే ప్రథమఫలాల పళ్లెంలో అందరి కూరగాయల మీదా దారంతో సహా నా టమాటా ఉంది.

పక్కనున్న అమ్మ నా చెవిలో, "దేవుడికని ముందే దారం కట్టుకున్నావు గదరా. మర్చిపోతావేమోనని నేనే కోసి తెచ్చాను" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. నేను ప్రసంగం సగమయ్యాక వచ్చే రకం. ఇన్నాళ్లకి కొడుక్కి భక్తి కుదిరిందనుకుంది. ఆ నమ్మకం చెడగొట్టకుండా నేనూ కళ్లు మూసుకుని చేతులు జోడించాను.

సాయంత్రం పాస్టరుగారి భార్య వచ్చి, నా చేతిలో ఒక పొట్లం పెట్టారు. విప్పితే బూడిద కలిపిన టమాటా గింజలు.

"పళ్లెంలోవి మా ఇంటికే వస్తాయిగా, కాయ పప్పులో వేశానండీ. గింజలు మాత్రం మీవి."

"దేవుడికి ఇచ్చేశాం కదండీ" అన్నాను.

"మా పుట్టిల్లు కంకిపాడు. మా నాన్నగారు కూడా విత్తనం కాయకి దారం కట్టేవారు" అన్నారావిడ, అమ్మకి వినబడకుండా.

ఆవిడ అలా వెళ్లారో లేదో, అమ్మ పెరట్లోంచి, "ఈసారి దేవుడికని ఏ కాయకి కడతావురా?" అని అడిగింది. దారపు ఉండ అమ్మ చేతికే ఇచ్చేశాను.

మీరైతే నిజం చెప్పేవారా?