మారిషస్‌లో విరిచిన చెరకు గడ

నిరుడు మావారితో కలిసి మారిషస్ వెళ్లాను. ఆ దీవిలో విషపాములే ఉండవని బస్సులో గైడు చెప్పాడు. కిటికీలోంచి చూస్తే సముద్రం దాకా చెరకు తోటలే. మా చోడవరమే కలలోకి వచ్చినట్టుంది. బస్సు ఆగగానే, పాముల భయం లేదు కదా అని తోటలోకి దూరి ఒక గడ విరిచాను. మా వైపు దారినపోయేవాళ్లు గడ విరుచుకుంటే ఎవరూ ఏమీ అనరు.

"ఒసే, ఇది మన చోడవరం అనుకున్నావేటి? కత్తట్టుకుని వస్తన్నాడు సూడు!" అని మావారు కేకేశారు.

ఒక ముసలి రైతు వచ్చి నా చేతిలో గడ లాక్కుని పారేశాడు. ఆయన మరో గడను నేల దగ్గర నరికి, తీపంతా ఉండే మొదలు ముక్క నా చేతిలో పెట్టి నవ్వాడు.

ఆ దేశం గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. అక్కడ దొంగకి కూడా మొదలు ముక్కే ఇస్తారు.