కుక్కల జయరాజు గొంతు సన్నబడిన వైనం

ఆదోనిలో జయరాజు అని అడిగితే ఎవరికీ తెలియదు. కుక్కల జయరాజు అంటే మాత్రం పత్తి మిల్లుల వాచ్‌మన్లు చొక్కా చేయి పైకి లాగి పాత గాటు చూపిస్తారు.

వయసులో ఉన్నప్పుడు అతను హాలహర్వి శేషప్ప దగ్గర ఈ పని నేర్చుకున్నాడు. శేషప్ప తాను మిలిటరీలో కుక్కలకు నేర్పానని చెప్పుకునేవాడు. అక్కడ వంట చేశాడని గిట్టనివాళ్లు అనేవాళ్లు. అతని విద్య అంతా గొలుసు, కట్టె, పస్తు. కుక్క కూర్చోకపోతే మెడలో బిగుసుకునే గొలుసు గుంజాలి. అప్పటికీ వినకపోతే కట్టె. దానికీ లొంగకపోతే ఆ పూట రొట్టె బంద్. కరవడం నేర్పేటప్పుడు జయరాజు చేతికి గోనెపట్టా చుట్టి, లోపల పత్తి కుక్కేవాళ్లు. ఆదోనిలో పత్తికి కరువు లేదు కాని, పత్తి ఉన్నచోటే కరవాలని కుక్కలకు ఎవరూ చెప్పలేదు.

చాలా ఏళ్లు అతని కుక్కలే మిల్లులు కాశాయి. అతని మాట తప్ప ఇంకొకరి మాట వినేవి కావు. ఒక యజమాని సొంత మిల్లు గోడెక్కి కూర్చుని, జయరాజును పిలుచుకు రమ్మని కబురు పంపాడు. తర్వాత కెమెరాలొచ్చాయి. అవి రొట్టె అడగవు, యజమానిని గోడెక్కించవు. జయరాజుకు సింగం అనే అల్సేషియన్ ఒక్కటే మిగిలింది.

అప్పుడు వచ్చింది శరణ్య, ధాన్యం వ్యాపారి రామకృష్ణయ్య కోడలు. వెంట బెల్జియం జాతి కుక్క, పేరు బెల్లం. ఎమ్మిగనూరులో కుక్కల పోటీ పెడుతున్నారట. వాసన పట్టుకుని పోవాలి, చెప్పిన మాట వినాలి, మనిషి చేతికి తొడిగిన జనపనార తొడుగును కరిచి, వదలమనగానే వదలాలి. సాధన చేయించడానికి ఆ తొడుగు వేసుకుని నిలబడే మనిషి ఆమెకు కావాలి. ఊళ్లో అంత అనుభవమున్న చెయ్యి ఇంకొకటి లేదు.

"ఆ కట్టె పక్కన పెట్టన్నా. ఇప్పుడు అట్ల నేర్పరు," అంది శరణ్య.

"మరెట్లమ్మా? కుక్కను బతిమాలుకుంటారా?"

"ఊ. బంతి ఇచ్చి, పనీరు ఇచ్చి. మంచిగ చేస్తే మెచ్చుకోవల్ల. సన్నని గొంతుతో."

"కుక్కకు పనీరు," అన్నాడు జయరాజు. "నా పెండ్లిలో గూడా పెట్టల్యా."

బెల్లం కోసం తొడుగు వేసుకోవడానికి ఒప్పుకున్నాడు గాని, అసలు పనితనం ఏమిటో చూపిద్దామని తానూ పోటీకి సింగాన్ని తీసుకుపోయాడు. సింగం అతని కాలిని అంటిపెట్టుకునే నడిచింది. కాకపోతే పొట్ట నేలకు రాస్తూ, తోక కాళ్ల మధ్య దోపుకుని, చూపంతా అతని కుడిచేతి మీదే పెట్టింది.

"దీనికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు బెంగళూరు నుంచి వచ్చిన జడ్జి.

"బాగుంది సార్. భయం సార్," అన్నాడు జయరాజు గర్వంగా.

మార్కులన్నీ అక్కడే పోయాయి.

బెల్లం తొడుగును బ్రహ్మాండంగా కరిచింది. కరిచి, ఊడబీకి, దాంతో సహా షామియానాలోకి దూరి, నిర్వాహకులు టిఫినుకు పెట్టుకున్న బొరుగుల ఉగ్గానిలో మూతి పెట్టింది. బహుమతి బళ్ళారి కుక్కకు పోయింది. కాని అంత తప్పు చేసిన బెల్లం శరణ్య పిలవగానే తోకాడిస్తూ ఆమె మీదికి ఎగిరింది. ఏ తప్పూ చేయని సింగం, గొలుసు తీయడానికి జయరాజు వంగితే కళ్లు గట్టిగా మూసుకుంది. ఇన్నేళ్లూ అతను దాన్ని మర్యాద అనుకున్నాడు.

వచ్చేటప్పుడు బస్టాండులో రబ్బరు బంతి కొన్నాడు. ఇంటి ముందు విసరడానికి చెయ్యి ఎత్తగానే సింగం కూలబడిపోయింది. జయరాజు కూడా బండ మీద కూలబడ్డాడు.

మర్నాటి నుంచి చెయ్యి ఎత్తడం మానేసి, కూర్చునే బంతి దొర్లించాడు. సింగం అటు చూసేది కాదు. పోయి తెచ్చుకునేవాడు, మళ్లీ దొర్లించేవాడు.

"బంతి తెచ్చేది బాగ నేర్సుకుంటివి," అంది భార్య కమలమ్మ. "కుక్క కట్టె పట్టుకోని నిలబడేది ఒకటే తక్కువ."

వానాకాలం దాటాక ఒక సాయంత్రం సింగం లేచి వెళ్లి, బంతి తెచ్చి అతని కాలి దగ్గర వదిలింది. జయరాజు చుట్టూ చూశాడు. ఎవరూ లేరనుకుని గొంతు సన్నగా చేసి, "ఓయబ్బా, నా బంగారు కొండా," అన్నాడు.

"నన్ను సేసుకోని ఇన్నేండ్లాయె," అంది లోపల శెనక్కాయలు ఒలుస్తున్న కమలమ్మ. "ఒక్కతూరన్నా అట్ల పిలిస్తివా?"

"నువ్వెప్పుడన్నా బంతి తెస్తివా?"

ఆ పూట అన్నం అతనే వడ్డించుకున్నాడు.

మరుసటి ఏడు పోటీలో సింగం తోక నిలబెట్టి నడిచింది. మధ్యలో ఆగి బంతి అడిగింది. వాసన పట్టుకుంటూ పోయి పోయి, జడ్జి కుర్చీ దగ్గర కాలెత్తింది. భయమున్న రోజుల్లో దానికి అంత ధైర్యం లేదు.

మెచ్చుకోవాలో తిట్టాలో జయరాజుకు తెలియలేదు. శరణ్య వైపు చూశాడు.

"దీనికేమనల్లమ్మా?"

"ఏమీ అనొద్దన్నా. కుర్చీ తుడుద్దాం పా."