కళ్లు మూసుకుని విన్న ప్రసంగం

పోయిన నెల, ఆడవాళ్లే ఆరాధన నడిపే స్త్రీల ఆదివారం నాడు మా మందిరంలో నా పెద్ద మనుమరాలు వేదిక మీద నిలబడి బైబిలు వాక్యం చెప్పింది. మైకును తన నోటి ఎత్తుకు దించుకుని తడబడకుండా మాట్లాడుతున్న ఆ పిల్లను చూసి అందరూ తలలూపుతుంటే, నా భార్య మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపు ఎవరి గురించో మా ఇద్దరికే తెలుసు. నాలాగే పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్ కిరాయి గదుల్లో సంసారం మొదలుపెట్టిన నా ఈడువాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నేను ఒక మందుల కంపెనీలో పనికి కుదిరేనాటికే మా అత్తమ్మ, అంటే నా భార్య తల్లి, అక్కడి క్యాంటీన్‌లో గిన్నెలు తోమేది. మా సంఘం పుట్టింది ఆమె వాకిట్లోనే. మగవాళ్లం షిఫ్టుల వెంట తిరిగేవాళ్లం కాబట్టి ఏ ఆదివారం ఎవరు ఉంటారో తెలిసేది కాదు. పాట ఎత్తుకోవడం, జ్వరం వచ్చిన ఇంటికి వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థించడం, వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పడం అన్నీ ఆమే. ఆ మాటల్లో బస్సు కండక్టరూ వచ్చేవాడు, చెప్పకుండా కిరాయి పెంచిన ఓనరూ వచ్చేవాడు. నవ్వించి, ఆ నవ్వు ఇంకా ఆగకముందే ఎక్కడో లోపల గుచ్చేది.

జనం పెరిగాక గోడలు లేపాం, పాస్టరుగారు వచ్చారు. యువకుడు, మంచివాడు, సైకిల్ మీద బొంతపల్లి దాకా వెళ్లి రోగులను చూసి వచ్చేవారు. అయితే స్త్రీ సంఘంలో బోధించకూడదన్నది ఆయన గట్టి నమ్మకం. సాక్ష్యం చెప్పుకోవచ్చు, ప్రార్థన చేయవచ్చు, వాక్యం చెప్పే పీఠం, పుల్పిట్టు, మాత్రం ఎక్కకూడదన్నారు. సంఘ పెద్దల్లో నేనూ ఒకణ్ణి. నాకూ అది సబబుగా తోచింది అనను. పెద్దల వరుసలో కూర్చోవడం కొత్తగా, ఇంపుగా ఉండి, కాదనలేకపోయాను. అత్తగారితో అల్లుడు ఎదురుగా మాట్లాడే అలవాటు మా ఇళ్లలో తక్కువ. అందుకని సంగతి తల్లికి చెప్పమని భార్యను అడిగితే, "మా అమ్మకు నేను చెప్ప. నీ పెద్దరికం, నువ్వే చెప్పుకో" అని లోపలికి వెళ్లిపోయింది. చివరికి పాస్టరుగారే చెప్పారు. అత్తమ్మ విని, "మంచిదయ్యగారూ, మీరే చెప్పుండ్రి, మేం ఇంటం" అని ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చుంది.

తొంభైల నడుమ ఎన్నికలొచ్చాయి. పైకప్పుకు పంచాయతీ అనుమతి దొరకక గోడల మీద టార్పాలిన్ కట్టుకుని ఆరాధన చేస్తున్న రోజులవి. ఒక నాయకుడు ఆదివారం వచ్చి పుల్పిట్టు మీద నుంచి మాట్లాడతానని, గెలిస్తే అనుమతి ఇప్పిస్తానని కబురంపాడు. కంపెనీలవాళ్లకు దగ్గరివాడు, ఆ కంపెనీలు వదిలే నీళ్లు ఇంకి మా బోర్లు పాడయ్యాయని తెలియనివాళ్లు లేరు. పాస్టరుగారు ఇష్టపడలేదు. ఒప్పించింది పెద్దలం, అందులోనూ ఎక్కువ మాట్లాడింది నేను.

సంగతి తెలిసి అత్తమ్మ మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, "అల్లుడా, నన్ను ఎక్కొద్దన్న కాడికి గాయిన ఎట్ల ఎక్కుతడు?" అంది. పెద్దమనుషులంతా అనుకున్నామని గొణిగి బయటపడ్డాను.

ఆ ఆదివారం నాయకుడు వచ్చాడు, శాలువా కప్పాం. ఆయన మాట్లాడేముందు ఎవరైనా ప్రార్థన చేయండి అన్నారు పాస్టరుగారు. మాలో ఎవరికి ప్రేరణ కలిగితే వారు మొదలుపెడతారు; ఆమెన్ అనేదాకా కళ్లు తెరవడం, నడుమ ఆపడం ఉండదు. నేను గొంతు సవరించుకునేలోపే ఆడవాళ్ల వైపు నుంచి అత్తమ్మ గొంతు లేచింది.

"తండ్రీ, ఈ అన్న ఎండలవడి మా కాడికొచ్చిండు, సల్లగ సూడు. మా బోరునీళ్లు పచ్చగొస్తున్నయ్, పోరగాండ్లకు ఒళ్లంత దురదలు. ఈయనకు గా నీళ్లు ఒక్క గిలాసెడు తాగే ధైర్యమియ్యి. ఈ పుల్పిట్టు నీ వాక్యానికి పెట్టుకున్నం తండ్రీ, ఓట్లకు గాదు. మా పెద్దమనుషులకు జెర యాదికి తే. మా అల్లుడు మంచోడే, ఉత్త భయస్తుడు. ఆని భయం తియ్యి..."

ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఆడవాళ్లు వాక్యానికి వాక్యం ఆమెన్ అంటుంటే, నాయకుడు చేతులు కట్టుకుని, తల వంచుకుని, కళ్లు మూసుకునే నిలబడ్డాడు. ఆమె ముగించాక గడియారం చూసుకుని, రుద్రారంలో ఇంకో మీటింగ్ ఉందని పుల్పిట్టు ఎక్కకుండానే కారెక్కాడు. అంత గొప్ప ప్రసంగం నేను ఆ తర్వాత వినలేదు.

పెద్దలం మళ్లీ కూర్చున్నాం. ప్రార్థన పేరుతో సంఘం పరువు తీసిందని, తప్పు ఒప్పుకునేదాకా ఆమెను ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి, దూరంగా ఉంచాలని తీర్మానించాం. పాస్టరుగారు తల దించుకున్నారు. నేను చెయ్యెత్తాను. తర్వాతి ఆరాధనలో ఆడవాళ్ల వైపు రొట్టె పళ్లెం పట్టే వంతు నాదే అయింది. అత్తమ్మ దాకా వచ్చాక పళ్లెం ఆమెను దాటించి పక్కామె ముందు పట్టాను. ఆ పక్కామె చెయ్యి చాపలేదు. అత్తమ్మే ఆమె మోచేతిని మెల్లగా తట్టి, "తీస్కో పిల్లా" అంది.

ఆ మధ్యాహ్నం భోజనం ఎప్పటిలాగే అత్తమ్మ ఇంట్లో. రానంటే నా భార్య వినలేదు. "పొద్దుగాల్ల సంది ఏం తిన్లే, మొకం పీక్కపోయింది. తిను బిడ్డా" అని అత్తమ్మ నా కంచంలో వేడివేడి అన్నం పెట్టి, కూర గిన్నె నా వైపు జరిపింది.

ఆమె తప్పు ఒప్పుకోలేదు, ఒక్క ఆదివారం మానలేదు. చాలా నెలల తర్వాత పాస్టరుగారే, మమ్మల్నెవరినీ అడగకుండా, పళ్లెం తీసుకుని వెళ్లి ఆ చాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. అది నేను చేయవలసిన పని. ఆమె మంచాన పడ్డప్పుడు కూడా ఒక సాయంత్రం గదిలో మేమిద్దరమే ఉన్నా, నోటిదాకా వచ్చిన మాటను మింగి, నీళ్లు కావాలా అని మాత్రం అడిగాను.

ఇప్పుడు ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా వీధికో మందిరం. మనసు నొచ్చుకున్నవాళ్లు పక్క వీధిలో షెడ్డు వేసుకుని వేరే బోర్డు పెట్టుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ రోజుల్లో మాకు పోవడానికి వేరే చోటు లేదన్నదీ నిజమే. అయితే నొప్పించినవాడు, నొచ్చుకున్న మనిషి పెట్టిన అన్నం ఆమె కళ్లెదుటే తినాల్సి వచ్చేది. ఆ ముద్ద గొంతు దిగడం ఎంత కష్టమో తెలియకుండానే ఇప్పటివాళ్లం విడిపోతున్నాం.