అత్తరు పూసిన మేకపిల్ల

నా చిన్నప్పుడు చిరుతపులి మా దొడ్లోకి వచ్చి, అప్పుడే పుట్టిన మేకపిల్లను నాకి పోయిందనీ, అందుకే తల్లిమేక దాన్ని దగ్గరికి రానివ్వలేదనీ మా మనవలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పెనుబల్లి అవతల అడవి అంచు ఊరు కాబట్టి నమ్మారు. పులీ లేదు, గిలీ లేదు. తల్లి దాన్ని రానివ్వకుండా చేసింది నేనే.

సత్తుపల్లి నుంచి అత్తరు అమ్మే చాచా ఒకాయన సైకిల్ మీద మా ఊరికి వచ్చేవాడు. ఆ రోజు చెవిలో పెట్టుకొమ్మని నాకు అత్తరు దూది ఇచ్చాడు. పొద్దున్నే పుట్టిన మేకపిల్ల పచ్చివాసన కొడుతుంటే, ఆ దూదితో దాన్ని నెత్తి నుంచి తోక దాకా రుద్ది తల్లి దగ్గర వదిలాను. తల్లి ఒక్కసారి వాసన చూసి కుమ్మింది. మళ్లీ వదిలాను, మళ్లీ కుమ్మింది. కన్నపిల్ల కళ్లెదుట ఉన్నా కనపడదా అని నేను దాని మీదే విసుక్కున్నాను.

మధ్యాహ్నానికి పిల్ల అరవడం కూడా మానేసింది. చెంచాతో పాలు పట్టబోతే మూతి బిగించింది. చేను నుంచి వచ్చిన మా నాయనమ్మ దాన్ని ఎత్తుకోగానే మొహం చిట్లించింది.

"ఏందిరా గీ వాసన? దీన్ని పెండ్లికి తయారుజేసినవా?"

"అవ్... మంచిగుంటదని..."

"నీ మంచి మన్నుగాను! తల్లి పిల్లను గుర్తువట్టేది కండ్లతోని కాదురా, ముక్కుతోని! గిప్పుడు దానికి ఇది ఎవరి పిల్లనో! పొద్దుగూకేలోపు పాలు తాగకుంటే దక్కదు. జల్దీ నీళ్లు కాగబెట్టు!"

శనగపిండితో రెండుసార్లు కడిగింది. నా వంక చూడను కూడా లేదు. తల్లి పొదుగు నుంచే నాలుగు ధారలు పిండి, ఆ పాలు పిల్ల వీపుకూ తోక కిందా పూసి, కాస్త ఉప్పు చల్లి తల్లి ముందు పెట్టింది. తల్లి కుమ్మబోయి ఆగింది. ముక్కు ఆనించింది. నాకడం మొదలుపెట్టి, నాకుతూ నాకుతూ సన్నగా పిలిచింది. పిల్ల తడబడుతూ పోయి పొదుగు అందుకుంది.

నేను ఏడవలేదనే చెబుతుంటాను. ఏడ్చాను.

ఇప్పటికీ ఎవరైనా నన్ను చూసి మొహం తిప్పుకుంటే, వాళ్లను తిట్టుకోకుండా ముందు నేనేం చేసి వచ్చానో చూసుకుంటాను. ఇదీ కొంచెం పెంచి చెప్పిందే. ముందు తిట్టుకుంటాను. చూసుకోవడం ఆ తర్వాత.