చున్నీ కొస

మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక చేయీ చేయీ కలిపి వందనాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం ఎన్నికల్లో నిలబడ్డ మనిషిలా రెండు చేతులూ జోడించి తిరిగేదాన్ని. నా అరచేతులకు ఎండాకాలం, చలికాలం తేడా లేదు, ఎప్పుడూ చెమటే. ఢిల్లీ చలికి వేళ్లు నీలంగా కొయ్యబారిపోయేవి, అయినా చెమట ఆగేది కాదు. నోయిడాలో మా ఆఫీసు ఫైళ్లన్నిటి మీదా నా చేతి మరకలే.

వాటన్నిటికీ సర్దుకుపోయాను. సర్దుకోలేనిది ఒక్కటే. మా ఎనిమిదేళ్ల పాప రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకోదు, చున్నీ కొస పట్టుకుంటుంది. నా తడి చెయ్యంటే దానికి అసహ్యమని నాకు లోలోపల ఏడుపు.

సాకేత్‌లో ఒక ఆస్పత్రికి వెళ్తే డాక్టరు విడమరిచి చెప్పారు. ఈ చెమటను నడిపే నరం ఛాతీ లోపల, వెన్నెముక పక్కన ఉంటుందట. చంక కింద చిన్న రంధ్రాలు చేసి, కెమెరాలో చూస్తూ దాన్ని కత్తిరిస్తారట. చేతులు ఆరతాయి, వెచ్చబడతాయి. కాకపోతే చెమట వీపుకు మారవచ్చు.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుద్దేమో, ఆలోచించుకో," అన్నారు మావారు.

"నా వీపు పట్టుకుని ఎవరూ రోడ్డు దాటరు కదండీ," అన్నాను.

ఆదివారం చర్చిలో 'సహోదరికి ఛాతీలో ఆపరేషన్' అని ప్రార్థన చేశారు. అంతే, నాకు గుండెజబ్బు ఖాయమైపోయింది. మా సంఘంలో సగంమంది నర్సులే, అయినా ఒక్కరూ అనుమానపడలేదు. ఆపరేషనై ఇంటికొచ్చిన మర్నాడే ఒక నర్సాంటీ ఉప్పు లేని పప్పుచారు పట్టుకొచ్చింది.

"గుండెకి కాదాంటీ, చేతుల చెమటకి," అన్నాను.

"చేతులకైతే చంకలో ఎందుకు కోత్తారమ్మా? మా దగ్గర దాచకు," అంటూ నాడి చూడ్డానికి నా చెయ్యి అందుకుంది. "అచ్ఛా, వెచ్చగానే ఉంది. రక్తం బానే ఆడతంది," అని తృప్తిపడింది. ఒకరు నా చెయ్యి పట్టుకుని, తర్వాత కొంగుకు తుడుచుకోకపోవడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో పప్పుచారంతా తాగేశాను.

డాక్టరు అన్నట్టే వీపు మీద చెమట మొదలైంది. పోనీలెమ్మనుకున్నాను.

కోలుకున్నాక పాపను తీసుకుని బజారుకు బయల్దేరాను. రోడ్డు దగ్గర అలవాటుగా చున్నీ అందుకోబోయింది. నేను ఠీవిగా చెయ్యి చాపాను.

"చూడు, పొడిగా ఉంది. పట్టుకో."

"నహీఁ మమ్మీ," అంటూ పిడికిలి బిగించుకుంది. ఊరుకోలేక నేనే వేళ్లు విప్పి పట్టుకున్నాను.

తడి తగిలింది. ఆపరేషన్ బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటూ రెండో చెయ్యి చూసుకున్నాను. అది పొడిగానే ఉంది.

పాప తల దించుకుంది. "సారీ మమ్మీ. మేరే హాథ్ గీలే హో జాతే హైఁ." దాని చేతులూ తడిసిపోతాయట.

అది వాళ్ల నాన్న చెయ్యి పట్టుకోగా కూడా నేనెప్పుడూ చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. నా చెయ్యి వద్దనుకుని కాదు, తన చేతి తడి నాకు తెలియకూడదని చున్నీ పట్టుకునేది. నాకు దుఃఖం ఆగలేదు.

అది చెయ్యి లాక్కోబోయింది. నేను వదల్లేదు. అవతలి వైపుకు చేరేసరికి నా అరచెయ్యి మళ్లీ తడిసిపోయింది. తుడుచుకోలేదు.